థైరాయిడు కాన్సరు చికిత్సలో హార్మోను మాత్ర

థైరాయిడు గ్రంథికి కాన్సరు వచ్చినదని తెలిసినప్పుడు రోగియు, బంధువులును ముఖ్యముగా శస్త్రచికిత్సను గూర్చియే ఆలోచింతురు. శస్త్రచికిత్స జరిగి, గాయము మాని, ఇల్లు చేరిన పిమ్మట గండము గడచినదని తలంతురు. ఆసుపత్రి నుండి తెచ్చుకొన్న మందులలో ఒక చిన్న మాత్ర ఉండును. దానిని ప్రతి ఉదయము పరగడుపున వేసికొనవలెనని వైద్యుడు చెప్పి పంపును. ఆ మాత్రను ఒకనాడు వేసికొన్నంతనే మేలు కనబడదు; ఒకనాడు మానినంతనే కీడును కనబడదు. కావుననే కొందరు దానిని బలమునకిచ్చు మందుగా భావించి, సీసా అయిపోగానే మరల కొనుట మానుదురు.

ఇట్లు మానుట ప్రమాదకరము. ఆ మాత్ర బలపు మందు కాదు. తీసివేయబడిన గ్రంథి చేయవలసిన పనిని అది చేయును. అంతియే కాక, అనేక రోగులలో మిగిలియుండగల కాన్సరు కణములు పెరుగకుండ అడ్డుపడును. ఒకే మాత్ర ఈ రెండు పనులను ఎట్లు చేయుచున్నదో, దాని మోతాదును వైద్యుడు ఎట్లు నిర్ణయించునో, దానిని ఎట్లు వాడవలెనో తెలుపుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

1. గ్రంథియు, దాని పనియు

థైరాయిడు గ్రంథికి తెలుగున అవటుగ్రంథి యని పేరు. అది మెడ ముందు భాగమున, కంఠమణికి దిగువ, శ్వాసనాళమును ఆనుకొని యుండును. రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారము కలది. పెద్దవారిలో దాని బరువు సుమారు 15 నుండి 25 గ్రాములు మాత్రమే. ఇంత చిన్నదైనను శరీరములో దాని ప్రభావము సోకని అవయవము లేదనవచ్చును.

మనము తిను ఆహారములోని అయొడిను రక్తములో చేరును. థైరాయిడు గ్రంథి ఆ అయొడినును గ్రహించి రెండు హార్మోనులను తయారు చేయును. మొదటిది థైరాక్సిను. దాని అణువులో నాలుగు అయొడిను పరమాణువులు ఉండుటచే దానిని టి4 అనియు అందురు. రెండవదానిలో మూడే ఉండును, అది టి3. గ్రంథి ఎక్కువగా విడుదల చేయునది టి4. శరీరము దానిని అవసరము కొలది టి3గా మార్చుకొని ఉపయోగించుకొనును. గుండె ఎంత వేగముగా కొట్టుకొనవలెను, తిన్న ఆహారము ఎంత త్వరగా శక్తిగా మారవలెను, దేహము ఎంత వెచ్చగా ఉండవలెను, మనస్సు ఎంత చురుకుగా ఉండవలెను అను విషయములన్నియు ఈ హార్మోనులపై ఆధారపడియున్నవి.

ఈ గ్రంథి స్వతంత్రముగా పనిచేయదు. మెదడు అడుగుభాగమున చిక్కుడు గింజంత పీయూషగ్రంథి యున్నది. అది టి.ఎస్.హెచ్. అను మరియొక హార్మోనును రక్తములోనికి పంపును. థైరాయిడు గ్రంథిని పనికి పురికొల్పునది ఈ టి.ఎస్.హెచ్. యే. చెరువు క్రింది పొలములకు నీరు పంచు నీరటికానిని ఇచ్చట తలచుకొనవచ్చును. పొలము ఎండినప్పుడు అతడు తూము ఎత్తును. మడి నిండినప్పుడు దించును. అట్లే రక్తములో థైరాయిడు హార్మోను తగ్గినచో పీయూషగ్రంథి టి.ఎస్.హెచ్.ను అధికము చేయును. హార్మోను సమృద్ధిగా ఉన్నచో దానిని తగ్గించును. ఒకటి పెరిగిన రెండవది తగ్గును. ఈ సంబంధమును పాఠకులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ఏలయన హార్మోను చికిత్స అంతయు దీనిపైననే నిలిచియున్నది.

2. కాన్సరులోని రకములు

మెడపై కనబడు వాపు లన్నియు కాన్సరు కావు. థైరాయిడులో ఏర్పడు గడ్డలలో అధిక భాగము హానిలేనివి. అయినను గడ్డ కనబడినప్పుడు వైద్యునికి చూపి పరీక్ష చేయించుకొనుట అవసరము. థైరాయిడు కాన్సరు పురుషులలో కంటె స్త్రీలలో సుమారు మూడు రెట్లు అధికముగా కనబడుచున్నది.

ఈ కాన్సరులో ముఖ్యముగా నాలుగు రకములు కలవు. పాపిల్లరీ రకము అన్నిటికంటె సాధారణమైనది. నూటికి సుమారు 80 మందిలో కనబడునది ఇదియే. తరువాతిది ఫాలిక్యులరు రకము. ఈ రెండును థైరాయిడు హార్మోనును తయారు చేయు కణముల నుండియే పుట్టును. కాన్సరుగా మారినను ఈ కణములు తమ పుట్టుక లక్షణములను పూర్తిగా మరువవు. వీనిలో పెక్కు కణములు అయొడినును గ్రహించుచునే యుండును. టి.ఎస్.హెచ్. తగిలినప్పుడు పెరుగుటకు ప్రోత్సాహము పొందుచునే యుండును. వీనికి సకాలమున చికిత్స జరిగినచో రోగులలో అత్యధికులు దీర్ఘకాలము ఆరోగ్యముగా జీవింతురు.

మూడవదియగు మెడుల్లరీ రకము వేరు కణముల నుండి పుట్టునది. దానికి టి.ఎస్.హెచ్.తో సంబంధము లేదు. నాలుగవదియగు అనాప్లాస్టిక్ రకము అరుదైనది, మిక్కిలి తీవ్రమైనది, అదియును టి.ఎస్.హెచ్.కు లోబడదు. ఈ రెండు రకములలో గ్రంథిని తీసివేసినప్పుడు హార్మోను మాత్రను ఇచ్చుట లోటు తీర్చుటకే గాని కాన్సరును అణచుటకు కాదు. కావున తనకు వచ్చినది ఏ రకమో రోగి తెలిసికొని యుండవలెను. శస్త్రచికిత్సలో తీసిన భాగమును పరీక్షించి ఇచ్చు నివేదికలో ఈ విషయము వ్రాసియుండును. ఆ కాగితమును భద్రపరచవలెను.

3. మాత్ర చేయు రెండు పనులు

ఈ మాత్రలోని మందు లీవోథైరాక్సిను. మన గ్రంథి తయారు చేయు టి4కును దీనికిని రసాయన నిర్మాణములో భేదము లేదు. శరీరము దీనిని పరాయి వస్తువుగా చూడదు.

మొదటి పని లోటును తీర్చుట. గ్రంథిని పూర్తిగా తీసివేసిన పిమ్మట శరీరమునకు టి4 లభించు మార్గము వేరొకటి లేదు. అప్పటికే రక్తములో ఉన్న టి4 సుమారు ఏడు దినములలో సగమగును. మరి ఏడు దినములలో ఆ సగములో సగమగును. ఇట్లు కొన్ని వారములలో నిల్వ తరిగిపోవును. అప్పుడు అలసట, చలి, మలబద్ధకము, ముఖము ఉబ్బుట, గొంతు బొంగురుపోవుట, మతిమరుపు, గుండె మందగించుట మొదలగునవి క్రమముగా పైబడును. ఎక్కువ కాలము ఉపేక్షించినచో ప్రాణమునకే అపాయము కలుగవచ్చును.

రెండవ పని అణచుట. పాపిల్లరీ, ఫాలిక్యులరు కాన్సరులలో శస్త్రవైద్యుడు కంటికి కనబడిన దంతయు తీసివేసినను, కంటికి కనబడని కొన్ని కణములు మెడలోనో, ఇతర భాగములందో మిగిలియుండవచ్చును. వానికి టి.ఎస్.హెచ్. ఎరువు వంటిది. మాత్ర ద్వారా రక్తములోని హార్మోనును కొంచెము అధికముగా ఉంచినచో పీయూషగ్రంథి టి.ఎస్.హెచ్.ను తగ్గించివేయును. ఎరువు అందని కణములు పెరుగుటకు వీలు తగ్గును. మాత్ర కాన్సరు కణమును నేరుగా చంపదు. దానిని పెంచు ప్రేరణను తొలగించును. కావుననే ఈ మాత్ర శస్త్రచికిత్సకు గాని, రేడియో అయొడినుకు గాని బదులు కాజాలదు. అది వానితో కలిసి పనిచేయునది.

గ్రంథిలో ఒక ప్రక్కను మాత్రమే తీసివేసిన రోగులలో మిగిలిన ప్రక్క చాలినంత హార్మోనును ఇచ్చుట కలదు. అట్టివారిలో కొందరికి మాత్ర అవసరము ఉండకపోవచ్చును. రక్తపరీక్ష చేసి వైద్యుడే దీనిని నిర్ణయించును.

4. ఈ జ్ఞానము ఎట్లు లభించినది

స్విట్జర్లాండు దేశపు శస్త్రవైద్యుడు కోకర్ గళగండమునకు గ్రంథిని పూర్తిగా తీసివేసిన రోగులు కొంతకాలమునకు మందబుద్ధులై, ఉబ్బి, క్షీణించుచున్నారని గమనించి 1883లో ప్రకటించెను. థైరాయిడు లేక మనుష్యుడు ఆరోగ్యముగా ఉండజాలడని దీనివలన తెలిసినది. 1891లో ఇంగ్లండులో జార్జి మరే అను వైద్యుడు గొర్రె థైరాయిడు నుండి తీసిన రసమును, హార్మోను లోపముతో బాధపడుచున్న ఒక స్త్రీకి ఇచ్చెను. ఆమె కోలుకొని, ఆ చికిత్సతోనే మరి 28 సంవత్సరములు జీవించినది. 1914లో అమెరికాలో కెండాల్ థైరాక్సినును శుద్ధ రూపమున వేరుచేసెను. 1927లో హారింగ్టన్, బార్జర్ అనువారు దానిని ప్రయోగశాలలో తయారు చేసిరి. అప్పటి నుండి గొర్రెల గ్రంథులపై ఆధారపడ నవసరము లేని మార్గము ఏర్పడినది.

థైరాయిడు హార్మోనును కాన్సరును అణచుటకును వాడవచ్చునని 1937లో డన్‌హిల్ అను శస్త్రవైద్యుడు సూచించెను. అయితే రక్తములోని టి.ఎస్.హెచ్.ను ఖచ్చితముగా కొలుచు సాధనము లేనంత కాలము మోతాదును రోగి లక్షణములను బట్టి ఊహించవలసి వచ్చెడిది. 1950ల చివర బెర్సన్, రోజలిన్ యాలో అనువారు రక్తములోని అత్యల్ప పరిమాణపు హార్మోనులను కొలుచు పద్ధతిని కనుగొనిరి. అందులకు 1977లో యాలోకు నోబెలు బహుమానము లభించినది. ఆ పద్ధతి నుండి పెరిగిన పరీక్షల వలననే నేడు మోతాదును సూక్ష్మముగా సరిదిద్దుట సాధ్యమైనది.

5. మోతాదును నిర్ణయించు విధము

లోటు తీర్చుటకు సాధారణముగా దేహపు బరువులో ప్రతి కిలోగ్రామునకు దినమునకు సుమారు 1.6 మైక్రోగ్రాముల మందు కావలసియుండును. 60 కిలోగ్రాముల బరువుగల వ్యక్తికి ఇది సుమారు 100 మైక్రోగ్రాములగును. టి.ఎస్.హెచ్.ను అణచవలసిన రోగులకు దీనికంటె కొంత అధికముగా, కిలోగ్రామునకు 2 మైక్రోగ్రాములో, అంతకు కొంచెము మించియో అవసరము కావచ్చును. ఇది ప్రారంభమునకు అంచనా మాత్రమే. వృద్ధులకును, గుండెజబ్బు కలవారికిని తక్కువ మోతాదుతో ప్రారంభించి మెల్లగా పెంచుదురు.

మోతాదును స్థిరపరచునది రక్తపరీక్ష. ఆరోగ్యవంతులలో టి.ఎస్.హెచ్. లీటరునకు సుమారు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్ల వరకు ఉండును. కాన్సరు రోగిలో అది ఎంత ఉండవలెనన్నది వ్యాధి మరల వచ్చు అవకాశమును బట్టి యుండును. అవకాశము తక్కువగా నున్నవారికి 0.5 నుండి 2 వరకు ఉంచిన చాలును. మధ్యస్థముగా నున్నవారికి 0.1 నుండి 0.5 వరకు ఉంచుదురు. వ్యాధి తీవ్రముగా నున్నవారికి, ఇతర భాగములకు వ్యాపించినవారికి 0.1 కంటె తక్కువకు దించుదురు. ఒకప్పుడు దాదాపు రోగులందరికిని ఎల్లకాలము గట్టిగా అణచు మోతాదునే ఇచ్చెడివారు. తక్కువ ప్రమాదము గలవారికి దానివలన విశేష లాభము లేదనియు, గుండెకును ఎముకలకును హాని కలుగవచ్చుననియు అనుభవమున తేలినందున నేడు రోగిని బట్టి మోతాదును మార్చుచున్నారు. కొన్ని సంవత్సరములు వ్యాధి జాడ లేకున్నచో అణచుటను సడలించుటయు కలదు.

ఇచ్చట రోగులు తప్పక తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు. అణచు మోతాదు వాడుచున్న వ్యక్తి రక్తపరీక్ష నివేదికలో టి.ఎస్.హెచ్. అంకె ఎదుట "తక్కువ" అను గుర్తు పడును. ప్రయోగశాల ఆరోగ్యవంతుల కొలతతో పోల్చి ఆ గుర్తు వేయును. దానికి రోగి చరిత్ర తెలియదు. ఆ కాగితమును చూచి రోగి భయపడి తానే మాత్రను తగ్గించుకొనుట కలదు. సామాన్యమైన థైరాయిడు లోపముగా తలచి, విషయము తెలియని వైద్యుడు తగ్గించుటయు కలదు. అట్లు తగ్గించినచో టి.ఎస్.హెచ్. పెరుగును, చికిత్స ఉద్దేశమే చెడును. కావున ఏ వైద్యుని యొద్దకు పోయినను, ఏ జబ్బునకు పోయినను, "నాకు థైరాయిడు కాన్సరుకు ఆపరేషను జరిగినది, ఈ మాత్ర అందులకై వాడుచున్నాను, నా టి.ఎస్.హెచ్. ఇంత ఉండవలెనని చెప్పియున్నారు" అని ముందుగా తెలుపవలెను. ఆ అంకెను చికిత్స చేయు వైద్యునిచే వ్రాయించుకొని ఇంటిలో ఉంచుకొనుట మంచిది.

6. మాత్ర వేసికొను విధము

థైరాక్సిను ప్రేగులలో పూర్తిగా పీల్చుకొనబడు మందు కాదు. కడుపులో ఆహారమున్నచో ఇంకను తక్కువగా పీల్చుకొనబడును. కావున ఈ క్రింది నియమములను పాటింపవలెను.

ఉదయము లేవగానే పరగడుపున ఒక గ్లాసు మంచినీటితో మాత్రను వేసికొనవలెను. పాలతో గాని, కాఫీ టీలతో గాని వేసికొనరాదు. కాఫీయో, ఉపాహారమో పుచ్చుకొనుటకు ముందు కనీసము అరగంట, వీలైనచో ఒక గంట వ్యవధి ఉండవలెను. ఉదయము వీలుకానివారు వైద్యుని అనుమతితో రాత్రి భోజనమైన మూడు గంటల పిమ్మట, నిద్రకు ముందు వేసికొనవచ్చును. ఏ వేళ ఎంచుకొన్నను ప్రతి దినము అదే వేళను పాటింపవలెను.

ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు, కడుపు మంటకు వాడు కొన్ని మందులు థైరాక్సినును పట్టి ఉంచి రక్తములోనికి పోనీయవు. వీనికిని థైరాక్సినుకును నడుమ నాలుగు గంటల వ్యవధి యుండవలెను. ఈ జాగ్రత్త థైరాయిడు శస్త్రచికిత్స జరిగినవారికి మిక్కిలి ముఖ్యము. ఏలయన థైరాయిడు వెనుక నుండు నాలుగు చిన్న పారాథైరాయిడు గ్రంథులు శస్త్రచికిత్సలో దెబ్బతినుట వలన కొందరికి కాల్షియము తగ్గి, పెదవుల చుట్టును, వ్రేళ్ల కొనలందును తిమ్మిరి కలుగును. వారికి కాల్షియము మాత్రలను కూడ ఇత్తురు. రెండు మందులను ఒకేసారి మ్రింగినచో థైరాక్సిను వ్యర్థమగును. ఉదయము థైరాక్సిను, మధ్యాహ్న భోజనముతో కాల్షియము అను క్రమము సులభమైనది.

ఒకనాడు మరచినచో ఆ దినముననే జ్ఞాపకము వచ్చిన వెంటనే వేసికొనవచ్చును. అనేక దినములు మరచినచో అన్నియు ఒకేసారి మ్రింగరాదు; వైద్యుని అడుగవలెను. ఏకాదశి, శివరాత్రి వంటి ఉపవాస దినములందును మాత్రను మానరాదు. రంజాను మాసమున ఉపవసించువారు ఏ వేళ వేసికొనవలెనో ముందుగానే వైద్యునితో మాటలాడి నిర్ణయించుకొనవలెను.

మాత్రలను ఎండ, వేడి, తేమ తగులని చోట మూత గట్టిగా బిగించి ఉంచవలెను. పొయ్యి ప్రక్కను, స్నానాలగదిలోను ఉంచరాదు. ఊరికి పోవునప్పుడు దినములకు సరిపడు మాత్రలను వెంట తీసికొనిపోవలెను. వీలైనంతవరకు ఒకే కంపెనీ మందును వాడవలెను. కంపెనీ మారినచో వైద్యునికి తెలిపి, తిరిగి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

మోతాదు మార్చిన ప్రతిసారియు ఆరు నుండి ఎనిమిది వారముల పిమ్మట రక్తపరీక్ష చేయించవలెను. అంతకు ముందు చేయించినచో మార్పు పూర్తిగా తెలియదు. పరీక్ష దినమున రక్తమిచ్చిన తరువాత మాత్రను వేసికొనుట మంచిది. జుట్టు పెరుగుటకని వాడు బయోటిను అను విటమిను పరీక్ష ఫలితమును తారుమారు చేయగలదు. దానిని పరీక్షకు రెండు దినములు ముందుగా మానవలెను.

7. రేడియో అయొడిను చికిత్స సమయమున

శస్త్రచికిత్స తరువాత కొందరికి రేడియో అయొడినును ఇత్తురు. థైరాయిడు కణములు అయొడినును ఆకర్షించునను గుణమును ఇచ్చట వినియోగించుకొందురు. కణము ఆ అయొడినును గ్రహించి, దాని కిరణములచే తానే నశించును. మన దేశమున అణుశక్తి శాఖ ఆధ్వర్యమున బొంబాయిలో 1963లో స్థాపింపబడిన రేడియేషన్ మెడిసిన్ సెంటరు ఈ చికిత్సలో తొలి కేంద్రములలో ఒకటి.

ఈ సందర్భమున మాత్ర విషయమై ఒక వింత కనబడును. ఇతర దినములలో టి.ఎస్.హెచ్.ను అణచవలెనన్న వైద్యుడే ఇప్పుడు దానిని పెంచవలె ననును. టి.ఎస్.హెచ్. అధికముగా నున్నప్పుడే కణములు అయొడినును బాగుగా గ్రహించును. కావున మాత్రను మూడు నాలుగు వారములు ఆపుదురు. లేదా మాత్రను ఆపకుండ టి.ఎస్.హెచ్. ఇంజెక్షనులు ఇత్తురు. టి.ఎస్.హెచ్. 30 మిల్లీ యూనిట్లను దాటవలెనని సాధారణ నియమము. మాత్ర ఆపిన కాలమున నీరసము, చలి, మందత్వము కలుగుట సహజము. చికిత్స ముగిసిన కొద్ది దినములకే వైద్యుడు మాత్రను మరల ప్రారంభింపుమని చెప్పును. ఆ ఆజ్ఞ రాగానే ప్రారంభింపవలెను. వైద్యుడు చెప్పనిదే మాత్రను ఆపరాదు. చెప్పిన దినమునకు మించి ఆపి ఉంచరాదు.

ఈ చికిత్సకు ముందు ఒకటి రెండు వారములు అయొడిను తక్కువగా గల ఆహారము తినవలెనని చెప్పుదురు. ఆ కాలమున అయొడిను చేర్చిన ఉప్పును మానవలెను. ఇది తాత్కాలిక నియమము. రోగికి మాత్రమే వర్తించునది. అయొడిను ఉప్పు హానికరమని దీనినిబట్టి తలంపరాదు. శ్రీకాకుళమున 1921లో జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామి గారు, వారి సహచరులు 1956 నుండి నేటి హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయలో జరిపిన పరిశోధన వలన అయొడిను కలిపిన ఉప్పు గళగండమును నివారించునని మన దేశమున రుజువైనది. దాని ఫలితముగా 1962లో జాతీయ గళగండ నివారణ పథకము ఆరంభమైనది. చికిత్స ముగిసిన పిమ్మట రోగియు, ఎల్లప్పుడును ఇంటివారును ఆ ఉప్పునే వాడవలెను.

8. ఎక్కువైనను, తక్కువైనను కనబడు గుర్తులు

మోతాదు చాలనప్పుడు అలసట, నిద్రమత్తు, చలికి తాళలేకపోవుట, బరువు పెరుగుట, చర్మము పొడిబారుట, మలబద్ధకము కనబడును. మోతాదు మించినప్పుడు గుండెదడ, చేతులు వణకుట, చెమటలు, నిద్రలేమి, విరేచనములు, బరువు తగ్గుట కనబడును. అణచు మోతాదును చాలకాలము వాడు వృద్ధులలో గుండె లయ తప్పుట కలదు. ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు పలుచబడుట కలదు. వీనిని కనిపెట్టుటకు వైద్యుడు నాడిని, గుండెను, ఎముకల సాంద్రతను పరీక్షింపజేయును. గుండెదడ కలిగినదని రోగి తానే మాత్రను మానరాదు. వెంటనే వైద్యుని చూడవలెను. ఛాతీ నొప్పి, ఆయాసము, మూర్ఛ కలిగినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

9. స్త్రీలకు ప్రత్యేక సూచన

గర్భవతులు ఈ మాత్రను మానరాదు. కడుపులోని శిశువు మెదడు పెరుగుదలకు, ముఖ్యముగా మొదటి నెలలలో, తల్లి రక్తములోని థైరాయిడు హార్మోనే ఆధారము. గర్భము నిలిచినప్పటి నుండి తల్లికి నూటికి సుమారు 25 నుండి 30 వంతులు అధికముగా మందు అవసరమగును. కావున నెల తప్పినదని తెలిసిన వెంటనే వైద్యునికి తెలిపి పరీక్ష చేయించుకొనవలెను. గర్భవతులకు ఇనుము, కాల్షియము మాత్రలను ఇచ్చుట ఆచారము కనుక నాలుగు గంటల వ్యవధి నియమమును మరువరాదు. బిడ్డకు పాలిచ్చు తల్లియు ఈ మాత్రను నిర్భయముగా వాడవచ్చును.

రేడియో అయొడిను సంగతి వేరు. దానిని గర్భవతులకు ఎన్నడును ఈయరాదు. పాలిచ్చు తల్లి ఆ చికిత్సకు ముందే పాలు మాన్పవలెను. చికిత్స అయిన పిమ్మట ఆరు నెలల నుండి ఒక సంవత్సరము వరకు గర్భము ధరింపకుండుట మంచిది.

10. కొన్ని సందేహములు, సమాధానములు

ప్రశ్న: హార్మోను మాత్ర అలవాటుగా మారి శరీరమును లోబరచుకొనునా?
జవాబు: లేదు. మత్తు పదార్థము వలె కోరికను పుట్టించునది కాదు. గ్రంథి లేని శరీరమునకు హార్మోను అవసరము. ఆ అవసరము జీవితాంతము ఉండును. కావున మాత్రయు జీవితాంతము ఉండును.

ప్రశ్న: కాన్సరు పూర్తిగా నయమైనదని వైద్యుడు చెప్పిన తరువాతనైనను మానవచ్చునా?
జవాబు: గ్రంథిని పూర్తిగా తీసివేసినవారు మానరాదు. మోతాదు తగ్గవచ్చును గాని మాత్ర తప్పదు.

ప్రశ్న: పొరుగింటివారును థైరాయిడు మాత్రయే వాడుచున్నారు. వారికి 50 మైక్రోగ్రాములు చాలుచుండగా నాకు 125 ఏల?
జవాబు: మందు ఒకటియే; ఉద్దేశము వేరు. వారి గ్రంథి కొంత పనిచేయుచుండవచ్చును. మీకు గ్రంథియే లేదు, పైగా టి.ఎస్.హెచ్.ను అణచవలసి యుండవచ్చును. ఒకరి మాత్రను మరియొకరు వాడరాదు.

ప్రశ్న: నాటుమందు, పథ్యము దీనికి బదులుగా పనికివచ్చునా?
జవాబు: రావు. థైరాక్సిను లోటును థైరాయిడు హార్మోను తప్ప ఏ మూలికయు, ఏ ఆహారమును తీర్చజాలదు.

ప్రశ్న: మాత్ర సక్రమముగా వాడుచున్నప్పుడు తిరిగి పరీక్షలు ఏల?
జవాబు: వ్యాధి కొందరిలో అనేక సంవత్సరముల పిమ్మటను తిరిగి రాగలదు. అందుకై మెడకు అల్ట్రాసౌండు పరీక్షయు, రక్తములో థైరోగ్లోబులిను అను పదార్థమునకు పరీక్షయు చేయుదురు. థైరోగ్లోబులిను థైరాయిడు కణములు మాత్రమే తయారుచేయునది. గ్రంథి అంతయు తొలగించిన పిమ్మట అది రక్తములో పెరుగుచున్నచో థైరాయిడు కణములు ఎచ్చటనో మిగిలియున్నవని వైద్యుడు అనుమానించును. తొలిదశలో కనిపెట్టినచో చికిత్స సులభము.

11. జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. మాత్ర లోటును తీర్చును. పాపిల్లరీ, ఫాలిక్యులరు కాన్సరులలో వ్యాధిని అణచుటకును తోడ్పడును.

2. ప్రతి దినము ఒకే వేళ, పరగడుపున, మంచినీటితో వేసికొనవలెను.

3. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల వ్యవధి ఈయవలెను.

4. మీ టి.ఎస్.హెచ్. ఎంత ఉండవలెనో వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను. నివేదికలోని "తక్కువ" అను గుర్తును చూచి మోతాదును మీరే మార్చరాదు.

5. కొత్త వైద్యునికి కాన్సరు చికిత్స సంగతి ముందుగా చెప్పవలెను.

6. మోతాదు మారిన ఆరు నుండి ఎనిమిది వారములకు పరీక్ష చేయించవలెను.

7. గర్భము నిలిచిన వెంటనే వైద్యుని చూడవలెను, మాత్రను మానరాదు.

8. సీసాలో పది దినముల మాత్రలు మిగిలియుండగనే కొత్త సీసాను తెచ్చుకొనవలెను.

లీవోథైరాక్సిను మన దేశపు జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో చేరియున్నది. కాన్సరు చికిత్సకు వాడు మందులలో ఇంత చవుకగా, ఇంత సులభముగా లభించునవి కొన్నియే. శస్త్రచికిత్సకు నేర్పుగల వైద్యుడు కావలెను. రేడియో అయొడినుకు పెద్ద ఆసుపత్రి కావలెను. ఈ మూడవ చికిత్స మాత్రము రోగి చేతిలోనే, రోగి ఇంటిలోనే ప్రతి ఉదయము జరుగవలసినది. దానిని క్రమము తప్పక జరుపుకొనుటకు రోగికి శ్రద్ధయు, ఇంటివారికి జ్ఞాపకమును ఉన్న చాలును.